సర్జన్ వచ్చేలోపు ఏం చేయాలి: ఒక శిక్షణ ప్రాజెక్టు డైరీ

జాబితా కుదించిన వారం

ప్లాస్టిక్ సర్జరీలో ఎమర్జెన్సీలు ఏముంటాయి అని మెడికల్ విద్యార్థుల్ని అడిగితే, ముక్కు సరిచేయడం, ముడతలు తీయడం దగ్గరే ఆగిపోతారు. వాళ్ల తప్పేం లేదు. మా విభాగానికి దొరికే కొద్దిపాటి లెక్చర్లు గ్రాఫ్టు రకాలు, ఫ్లాపు రకాలు (ఒంట్లో ఒకచోటి చర్మాన్ని ఇంకోచోట అతికించే పద్ధతులు) చెప్పడంతోనే అయిపోతాయి. తీరా హౌస్ సర్జన్ అయ్యాక, అర్ధరాత్రి క్యాజువాలిటీలో తెగిన వేలు జేబురుమాల్లో చుట్టుకుని వచ్చిన మనిషిని మొదట చూసేది వాళ్లే. మేం వచ్చేసరికి సగం కథ అయిపోయి ఉంటుంది.

అందుకే ఈ ప్రాజెక్టు. ఆపరేషన్ నేర్పడం కాదు, ఆపరేషన్ చేసేవాళ్లు వచ్చేలోపు గడిచే ఆ గంటో రెండు గంటల్లో ఏం చేయాలో నేర్పడం. లెక్చరు లేకుండా, చేతులతో చేయించి.

మొదట రాసుకున్న జాబితా చాంతాడంత వచ్చింది. చెవి మీద రక్తపుగడ్డ నుంచి కుక్కకాటు దాకా అన్నీ ముఖ్యమే అనిపించాయి. మా అనస్థీషియా సహోద్యోగి ఒక గీటురాయి ఇచ్చింది: ఒక్కో జబ్బుకీ రెండు ప్రశ్నలు వేయండి, గంట ఆలస్యమైతే ఫలితం మారుతుందా, ఆ గంటలో జూనియర్ చేయగలిగింది ఏదైనా ఉందా? రెండింటికీ అవును అయితేనే ఉంచండి, లేకపోతే లెక్చరుకే వదిలేయండి. దాంతో మిగిలినవి ఇవి: పెద్ద కాలిన గాయాలు, తెగిన వేళ్లు, కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ (కండరాల గదిలో ఒత్తిడి పెరిగి రక్తం అందకపోవడం), నెక్రొటైజింగ్ ఫేషియైటిస్ (చర్మం కింది పొరల్ని వేగంగా చంపే ఇన్ఫెక్షన్), వేలి స్నాయువు తొడుగులో చీము, పెయింటు, గ్రీజు చిమ్మే హై ప్రెషర్ గన్ను గాయాలు, ప్రమాదంలో పడ్డ ఫ్లాపు, కంటి వెనక రక్తస్రావం.

ముఖం మీద కోతలు జాబితాలోంచి పోవడం కొందరికి నచ్చలేదు. విద్యార్థులకు కుట్లంటే మోజు. కానీ ముఖం మీది శుభ్రమైన కోత కొన్ని గంటలు ఆగగలదు, రక్తం అందని చేయి ఆగలేదు. కుట్లు నేర్పే క్లాసులు ఎలాగూ వేరే ఉన్నాయి.

కాలిన గాయాల బల్ల

మొదట తయారైంది ఇదే. బొమ్మ మనిషి ఒంటి మీద రంగు ప్లాస్టిక్ షీటు ముక్కలు అంటించాం: ఎర్రవి పైపైన కమిలినవి, గులాబీ రంగువి బొబ్బలు, తెల్లటివి తోలులా గట్టిపడ్డవి. ఒంట్లో ఎంత శాతం కాలిందో చెప్పమన్నాం.

దాదాపు అందరూ ఎక్కువే చెప్పారు. ఇది కొత్త సంగతేం కాదు, చిన్న ఆసుపత్రుల నుంచి వచ్చే రిఫరల్ చీటీల్లోనూ శాతం ఎక్కువగా ఉండటం ఈ రంగంలో అందరికీ తెలిసిందే. కారణం బల్ల దగ్గర నిలబడితే కళ్లకు కట్టింది. ఎర్రబడి బొబ్బ రాని చర్మాన్ని కూడా లెక్కలో కలిపేస్తున్నారు. అది కలపకూడదు. వాలెస్ 1951లో ప్రచారంలోకి తెచ్చిన తొమ్మిదుల సూత్రం అందరికీ నోటికి వచ్చు: తల 9, ఒక్కో చేయి 9, ఒక్కో కాలు 18. పసిపిల్లలకు అది పనికిరాదని మాత్రం గుర్తుండదు. ఏడాదిలోపు బిడ్డకు తల ఒక్కటే సుమారు 18, ఒక్కో కాలు 14 దాకా. చిందరవందరగా పడ్డ గాయాలకు రోగి అరచేయి వేళ్లతో కలిపి 1 శాతం అనుకుని కొలవమంటాం. ఒకబ్బాయి తన అరచేయి పెట్టి పసిబిడ్డ బొమ్మను కొలవడం మొదలుపెట్టాడు. పక్కనున్నవాళ్లే ఆపారు. నేను నోరు విప్పాల్సిన పని లేకపోయింది.

తర్వాత ద్రవాల లెక్క. డాలస్‌లోని పార్క్‌ల్యాండ్ ఆసుపత్రి పేరుతో 1968 నుంచి నడుస్తున్న సూత్రం: కిలో బరువుకి, కాలిన ఒక్కో శాతానికి 4 మిల్లీలీటర్ల ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్ అనే డ్రిప్పు ద్రవం), అందులో సగం మొదటి 8 గంటల్లో. మేం ఇచ్చిన కేసు 60 కిలోల మనిషి, 30 శాతం, కాలి 2 గంటలైంది, ఇంకా చుక్క ద్రవం ఎక్కలేదు. మొత్తం 7200. సగం 3600. దీన్ని 8తో భాగించి గంటకు 450 అని రాసినవాళ్లే ఎక్కువ. గడియారం మొదలయ్యేది కాలిన క్షణం నుంచి, ఆసుపత్రి గుమ్మం తొక్కినప్పటి నుంచి కాదు. మిగిలింది 6 గంటలే కాబట్టి గంటకు 600. ఆ తర్వాతి 16 గంటలకు గంటకు 225.

ఇక్కడ ఒక చర్చ నడిచింది. ఇప్పుడు పెద్దవాళ్లకు 2 మిల్లీలీటర్లతో మొదలుపెట్టమని, కరెంటు గాయాలకే 4 ఉంచమని చెప్పే శిక్షణలు ఉన్నాయి. ఎక్కువ ద్రవం ఎక్కించడం వల్ల ఊపిరితిత్తులు నిండటం, పొట్టలో, చేతుల్లో ఒత్తిడి పెరగడం చూశాకే ఆ మార్పు. బాసిల్ ప్రూయిట్ 2000లో దానికి ‘ఫ్లూయిడ్ క్రీప్’ అని పేరు కూడా పెట్టాడు. విద్యార్థులకు ఏది చెప్పాలి? నా తీర్పు ఇది: మీ యూనిట్లో ఏ సంఖ్య వాడతారో అదే వాడండి, కానీ అది ఆరంభం మాత్రమే. మొదటి గంట తర్వాత మాట్లాడాల్సింది మూత్రం సంచి. పెద్దవాళ్లలో గంటకు కిలోకి 0.5 మిల్లీలీటర్లు, పిల్లల్లో 1. అందుకే బల్ల మీద క్యాథెటర్ సంచి వేలాడదీసి, ప్రతి ‘గంట’కీ అందులో కొంత రంగునీళ్లు పోస్తూ, ఇప్పుడు డ్రిప్పు ఏం చేస్తారు అని అడుగుతున్నాం. సూత్రం వల్లె వేయడం కన్నా ఇది చాలా బాగా పనిచేస్తోంది. ఒకసారి కాఫీరంగు నీళ్లు పోశాం. కరెంటు గాయం, కండరం చితికి మయోగ్లోబిన్ వస్తోందని గుర్తుపట్టి, ద్రవం పెంచి, ఈసీజీ అడిగినవాళ్లకు చప్పట్లు.

శ్వాస సంగతి మా అనస్థీషియా ఆవిడ తీసుకుంది. గదిలో మంట, మూసిన తలుపులు, ముక్కులో మసి, గొంతు బొంగురు. పల్స్ ఆక్సీమీటర్ 99 చూపిస్తుంది. విద్యార్థులు ఆ 99 చూసి గుండెల మీద చేయి వేసుకుంటారు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను ఆ యంత్రం ఆక్సిజన్ పట్టినదాని కింద జమకట్టేస్తుందని అప్పుడు ఆవిడ చెబుతుంది. 100 శాతం ఆక్సిజన్ మాస్కు పెట్టు, గొంతు వాచకముందే ట్యూబు వేయగల మనిషిని పిలు. ఆవిడ స్వరంలో అప్పుడు వచ్చే కరుకుదనం నాకు రాదు. అందుకే ఆ భాగం ఆవిడకే వదిలేశాం.

చల్లబెట్టడం గురించి ఒక్క మాటే: పారే మామూలు నీళ్లు, 20 నిమిషాలు, గాయమైన 3 గంటల్లోపు ఎప్పుడైనా. ఐసు వద్దు. పెద్ద గాయాల్లో మిగతా ఒళ్లు చల్లబడకుండా కప్పాలి. పొడి రసాయనమైతే ముందు దులపాలి, ఆ తర్వాతే నీళ్లు.

వేలి పెట్టె

రబ్బరు గ్లవ్ వేలిని కత్తిరించి, నీళ్లు నింపి ముడేసి, పక్కన ఒక పెట్టె పెట్టాం. అందులో గాజుగుడ్డ, సెలైన్ సీసా, పాలిథీన్ సంచులు, ఐసు, నీళ్లు, స్పిరిట్ సీసా, మార్కర్. సూచన ఒక్కటే: ‘దీన్ని వేరే ఊరికి పంపాలి.’

మనుషుల స్వభావం ఇక్కడ తెలుస్తుంది. కొందరు వేలిని నేరుగా ఐసులో పాతారు. కొందరు సెలైన్లో తేలేశారు. ఒకరిద్దరి చేయి స్పిరిట్ మీదకు పోయింది, అది పెట్టింది ఆ చేతుల కోసమే. ఐసు నేరుగా తగిలితే కణజాలం గడ్డకట్టి చస్తుంది. నీళ్లలో నానితే ఉబ్బి, సన్నటి రక్తనాళాలు కుట్టడానికి పనికిరావు. సెలైన్‌తో తడిపి పిండిన గాజుగుడ్డలో చుట్టి, సంచిలో వేసి మూతి కట్టి, ఆ సంచిని ఐసు కలిపిన నీళ్ల డబ్బాలో పెట్టాలి. సంచి మీద పేరు, తెగిన సమయం, చల్లబెట్టిన సమయం రాయాలి.

సమయం ఎందుకో చెప్పినప్పుడే అది బుర్రకెక్కుతుంది. వేలిలో కండరం లేదు కాబట్టి అది ఓర్చుకుంటుంది: మామూలు వేడిలో 6 నుంచి 12 గంటలు, చల్లగా ఉంచితే 12 నుంచి 24. మోచేతి దగ్గర తెగిన చేయి అలా కాదు, అందులో నిండా కండరమే. వేడిలో 6 గంటలు దాటితే కష్టం. 1962లో బోస్టన్‌లో రోనాల్డ్ మాల్ట్ బృందం తెగిన చేతిని మొదటిసారి అతికించింది. 1965లో జపాన్‌లో కొమాత్సు, తమాయ్ పూర్తిగా తెగిన బొటనవేలిని అతికించారు. మైక్రోస్కోపు కింద ఒక మిల్లీమీటరు నాళాలు కుట్టే ఆ పనికి క్యాజువాలిటీలో కట్టిన సంచి ఎంత ముఖ్యమో, ఆ ఆపరేషన్ వీడియో చూపించాక విద్యార్థులు వాళ్లంతట వాళ్లే గ్రహిస్తున్నారు.

వేలి మీద పడి మనిషిని మరిచిపోవడం రెండో సమస్య. తెగగా మిగిలిన మొండి వైపు ఒత్తిడి కట్టు, చేయి ఎత్తి ఉంచడం, టెటనస్, యాంటీబయాటిక్, నోటికేమీ ఇవ్వకపోవడం, చేతికీ తెగిన ముక్కకీ రెండింటికీ ఎక్స్‌రే. కారుతున్న రక్తనాళాన్ని గుడ్డిగా క్లాంప్ చేయొద్దు, పక్కనే నరం ఉంటుంది, అతికించాల్సిన నాళం కూడా అదే. ఇంకోటి, ‘అతికిస్తారులెండి’ అని మాట ఇచ్చేయొద్దు. నలిగిపోయిన వేలు, ఒక్క చూపుడువేలు చివర, పెద్ద వయసులో పొగతాగే మనిషి... అతికించకపోవడమే మేలైన సందర్భాలు బోలెడు. బొటనవేలు, పిల్లల వేళ్లు, ఒకేసారి చాలా వేళ్లు పోయినప్పుడు మాత్రం గట్టిగా ప్రయత్నిస్తాం. ఏదేమైనా ముక్కను పారేయకుండా పంపాలి. అతికించలేకపోయినా దాని చర్మం ఇంకోచోట పనికొస్తుంది.

బీపీ కఫ్ ఆలోచన

ఫ్లాపు స్టేషనే అన్నిటికన్నా మొండికేసింది. ఫ్లాపు అంటే ఒంట్లో ఒకచోటి నుంచి రక్తనాళాలతో సహా తెచ్చి ఇంకోచోట కుట్టిన ముక్క. ఆ నాళం మూసుకుపోతే మొదటి రెండు రోజుల్లోనే ఎక్కువగా మూసుకుపోతుంది, ఎంత త్వరగా థియేటర్‌కి తీసుకెళితే దక్కే అవకాశం అంత ఎక్కువ. రాత్రి గంటగంటకూ చూసేది జూనియర్, నర్సు. దీన్ని బొమ్మ మీద ఎలా చూపిస్తారు? ఫొటోలు పెట్టాం, ఎవరి మొహంలోనూ వెలుగు రాలేదు. రంగు మారే సిలికాన్ ముక్కలు చేయించాలనే ఆలోచన ఖర్చు దగ్గరే ఆగింది.

మా థియేటర్ సిస్టర్ అంది: ‘బొమ్మ ఎందుకు సార్, వాళ్ల చేయే ఉంది కదా.’

విద్యార్థి జబ్బకి బీపీ కఫ్ కట్టి 60 దాకా ఊదుతాం. ధమనిలో రక్తం వస్తూనే ఉంటుంది, సిరలో వెళ్లదు. కాసేపట్లో చేయి బరువెక్కి, నీలం తిరిగి, సిరలు ఉబ్బుతాయి. వేలు నొక్కి వదిలితే రంగు టక్కున తిరిగొస్తుంది, మామూలుకన్నా వేగంగా. ఇది సిర మూసుకుపోయిన ఫ్లాపు. తర్వాత గాలి తీసి, చేయి పైకెత్తి రక్తం దిగనిచ్చి, ఈసారి పై బీపీకన్నా బాగా ఎక్కువకు ఊదుతాం. చేయి పాలిపోతుంది, మెత్తబడుతుంది, చల్లబడుతుంది, నొక్కి వదిలితే రంగు రాదు. ఇది ధమని మూసుకుపోయిన ఫ్లాపు. రెండూ కొద్ది నిమిషాల్లోనే వదిలేస్తాం, రక్తం గడ్డకట్టే జబ్బులున్నవాళ్లని, ఇష్టం లేనివాళ్లని కూర్చోబెట్టం.

అందరికీ గుర్తుండిపోతున్నది మొదటిదే. రంగు వేగంగా తిరిగొస్తే మంచి సంకేతం అని ఇంతకాలం అనుకున్నవాళ్లకి, వేగంగా రావడమూ ప్రమాదమేనని తమ వేలి మీదే చూడటం మింగుడుపడదు. సిర సమస్యలే ధమని సమస్యలకన్నా తరచుగా వస్తాయి కాబట్టి ఈ ఒక్క పాఠం అందినా చాలు.

ఈ కసరత్తులోనే ఇంకో సంగతి బయటపడింది. తెల్లగా ఉన్న చేతుల మీద నీలం ఇట్టే కనిపించింది. నల్లటి చేతుల మీద గోరు కింద, అరచేతిలో తప్ప తేడా పట్టుకోవడం కష్టమైంది. పుస్తకాల్లో ఫొటోలన్నీ తెల్లచర్మానివే. ‘ఎరుపు’, ‘గులాబీ’, ‘పాలిపోవడం’ అనే మాటలు ఏ చర్మాన్ని చూసి రాశారో ఆ చర్మం మీదే సరిగ్గా నప్పుతాయి. కాలిన గాయాల్లోనూ అంతే. నల్లచర్మం మీద పైపొర కమిలితే ఎర్రగా కాక ఇంకా నల్లగానో, బూడిదరంగులోనో ఉంటుంది. ఊడిన పైపొర తుడిచి తీశాకే కింది చర్మం తడి, రంగు, రక్తప్రసరణ తెలుస్తాయి. సెల్యులైటిస్ (చర్మపు ఇన్ఫెక్షన్) ఎరుపు అసలు కనపడకపోవచ్చు. వేడి, వాపు, నొప్పి చేతితోనే పట్టుకోవాలి. అందుకే ఫ్లాపు కార్డులో రంగును ఒక్కటే గడిగా ఉంచకుండా వేడి, బిగువు, రంగు తిరిగొచ్చే వేగం, డాప్లర్ (రక్తప్రవాహాన్ని వినిపించే పరికరం) శబ్దం అన్నిటికీ సమానమైన గళ్లు ఇచ్చాం. రంగు రాసేటప్పుడు కూడా పక్కనున్న మామూలు చర్మంతో పోల్చి రాయాలి.

ఫ్లాపు తేడాగా ఉంటే ఫోన్ చేసేలోపు చేయగలిగినవి: బిగుసుకున్న కట్టు వదులు చేయి, మెడలో శ్వాస ట్యూబుకి కట్టిన తాడు నాళం మీద నొక్కుతోందేమో చూడు, పడుకున్న తీరు మార్చు, బీపీ చూడు, దుప్పటి కప్పు. పొద్దున రౌండ్లలో చెబుదాం అనుకోవడం ఒక్కటే ఇక్కడ క్షమించరానిది.

నొప్పి నటించేవాళ్లు

కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్, నెక్రొటైజింగ్ ఫేషియైటిస్, స్నాయువు తొడుగులో చీము. మూడింటికీ ఒకటే తాళంచెవి: కనపడే గాయానికి మించిన నొప్పి. దాన్ని బొమ్మ నటించలేదు. పీజీల్లో ఇద్దరికి ముందుగా కథ రాసిచ్చి పడుకోబెట్టాం.

కంపార్ట్‌మెంట్ పాత్రధారి కాలికి పిండికట్టు. కాలివేళ్లు పైకి వంచితే అరవాలి. నాడి బాగా దొరుకుతుంది. విద్యార్థుల్లో ఎక్కువమంది నాడి పట్టుకుని ‘రక్తప్రసరణ బాగుంది’ అని రాసేసి ముందుకెళ్లారు. నాడి పోవడం చివరి అంకం. అప్పటికి కండరం పోయి ఉంటుంది. చేయాల్సింది పిండికట్టును లోపలి దూదితో సహా చర్మం కనపడేదాకా చీల్చడం, కాలిని గుండె ఎత్తులోనే ఉంచడం. అతిగా పైకెత్తితే వచ్చే రక్తం కూడా తగ్గిపోతుంది. ఒత్తిడి కొలిచే సదుపాయం ఉంటే కింది బీపీకీ కంపార్ట్‌మెంట్ ఒత్తిడికీ తేడా 30 లేదా అంతకన్నా తక్కువ అయితే ఫేషియాటమీ (కండరాల మీది పొరను కోసి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్) వైపు నడవాల్సిందే. స్పృహలో లేని రోగిలో నొప్పి చెప్పేవాళ్లు ఉండరు, అక్కడ ఈ అంకె చాలా విలువైనది.

నెక్రొటైజింగ్ ఫేషియైటిస్ పాత్ర ఒక పీజీ అమ్మాయిది. ఆమె నటనకి నిజంగానే ఒకరు మార్ఫిన్ రాయబోయారు. తొడ మీద కాస్త వాపు, చర్మం దాదాపు మామూలు, జ్వరం, గుండెవేగం 130. ‘సెల్యులైటిస్, యాంటీబయాటిక్, రేపు చూద్దాం’ అన్నవాళ్లున్నారు. చార్టులో మేం రెండో పేజీ పెట్టాం: రెండు గంటల తర్వాత మార్కర్‌తో గీసిన గీత దాటి వాపు పాకింది. గీత గీసినవాళ్లకే ఆ పేజీ ఇస్తాం. గీయనివాళ్లకు పోలిక లేదు. వాళ్లు ఆ పేజీ లేకుండానే నిర్ణయం తీసుకోవాలి. ఇది కాస్త క్రూరంగా ఉందని ఒక సహోద్యోగి అన్నాడు. నేను మార్చలేదు, వార్డులోనూ ఆ పేజీ అలాగే దొరకదు.

రక్తపరీక్షల అంకెలతో ఈ జబ్బును అంచనా వేసే, 2004లో వచ్చిన ఎల్‌ఆర్‌ఐఎన్‌ఈసీ స్కోరు గురించి తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. సీఆర్‌పీ, తెల్లకణాలు, హిమోగ్లోబిన్, సోడియం, క్రియాటినిన్, చక్కెర. 6 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే అనుమానం పెంచుకో. 6 లోపు వచ్చిందని నిశ్చింతగా ఉండొద్దు, జబ్బు ఉండి కూడా స్కోరు తక్కువ రావచ్చు. స్కాన్ కోసం ఆపరేషన్ ఆపొద్దు. యాంటీబయాటిక్స్‌లో విషాన్ని అణిచే క్లిండామైసిన్ కలపాలి. కానీ ప్రాణం కాపాడేది కత్తే.

వేలి చీముకి కనవెల్ చెప్పిన గుర్తులున్నాయి. షికాగో సర్జన్ ఆలెన్ కనవెల్ 1912లో రాసినవి, ఇప్పుడు నాలుగుగా చెబుతాం: వంగి ఉన్న వేలు, వేలంతా సమంగా వాపు, తొడుగు పొడవునా నొప్పి, చాపితే భరించలేని నొప్పి. నటుడి వేలు నెమ్మదిగా చాపమంటే అందరూ ఒక్క గుంజు గుంజారు. మెల్లగా చాపడమే పాఠం అని రాసుకున్నాను.

హై ప్రెషర్ గన్ను గాయానికి స్టేషన్ పెట్టలేదు, ఒక్క కార్డు చాలు: వేలి కొసన సూదిమొన అంత రంధ్రం, నొప్పి తక్కువ, ‘పెయింటు గన్ను తగిలింది’. ఇంటికి పంపినవాళ్లు ఆ వేలిని పోగొట్టినట్టే. లోపల పెయింటో, గ్రీజో స్నాయువు వెంట ఎంత దూరం పాకిందో పైకి తెలియదు.

కంటి స్టేషన్: ఉంచాలా, తీసేయాలా

ఈ చర్చ నాలుగు గోడల మధ్య చాలాసేపు నడిచింది. ముఖానికి దెబ్బ తగిలో, కంటి గూటికి ఆపరేషన్ అయ్యాకో గుడ్డు వెనక రక్తం చేరితే కన్ను ముందుకు పొడుచుకొస్తుంది, రాయిలా గట్టిపడుతుంది, చూపు తగ్గుతుంది, వెలుగు వేస్తే పాప స్పందన తేడాగా ఉంటుంది. 90 నిమిషాల నుంచి 2 గంటల్లో చూపు శాశ్వతంగా పోవచ్చు. చికిత్స కంటి బయటి మూలను కోసి, కింది రెప్పను పట్టి ఉంచే తంతును తెంపడం. సీటీ కోసం ఎదురుచూడకూడదు.

విద్యార్థి చేతికి కత్తెర ఇస్తామా? నా వాదన: చేయమని కాదు, చేయడం చూసి ఉండాలని. ముఖం మాస్కు, కంటి రంధ్రం వెనక ఊదిన బుడగ, రెండు వైపులా బిగించిన రబ్బరు పట్టీలతో నమూనా చేశాం. మూల ఒక్కటే కోస్తే బుడగ ఏమాత్రం కదలదు. కింది పట్టీ తెంపాకే రెప్ప వదులై బుడగ ముందుకు జారుతుంది. సగం పనితో ఆగిపోవడం వల్లే ఈ చికిత్స విఫలమవుతుందని ఆ రబ్బరు పట్టీ చెప్పినట్టు మాటలు చెప్పలేవు. పేటన్ అనే ఆయన చెప్పిన నాలుగు మెట్ల పద్ధతిలో నేర్పాం: ముందు నేను మాట్లాడకుండా చేస్తాను, తర్వాత చెబుతూ చేస్తాను, తర్వాత విద్యార్థి చెబుతుంటే నేను చేస్తాను, చివరికి వాళ్లే చెబుతూ చేస్తారు. మూడో మెట్టులోనే ఎవరికి అర్థమైందో తెలిసిపోతుంది. స్టేషన్ ఉండిపోయింది.

ఫోన్

అసలు కష్టం ఇది. బల్లల దగ్గర చకచకా చేసినవాళ్లు కూడా ఫోన్ పట్టుకోగానే తడబడ్డారు.

పక్క గదిలో నేను ‘నిద్రమత్తులో ఉన్న కన్సల్టెంట్’ని. ఫోన్ మోగుతుంది. ‘సార్, నమస్తే సార్, నిద్ర లేపానా సార్... ఒక పేషెంట్ వచ్చాడు సార్, ముప్పై రెండేళ్లు, మధ్యాహ్నం డ్యూటీలో ఉండగా...’ ఇలా నడుస్తుంది. వేలు తెగిందన్న మాట రావడానికి నిమిషం పడుతుంది. మర్యాద, భయం, కేసు షీటు వరుసలో చెప్పే అలవాటు కలిసి అసలు మాటను తొక్కేస్తాయి.

ఎస్‌బీఏఆర్ చట్రం వాళ్లకి తెలుసు: పరిస్థితి, నేపథ్యం, అంచనా, కోరిక. తెలిసినా నోట్లో రాదు. అందుకని ఒకే నియమం పెట్టాం. మొదటి వాక్యంలోనే ఏం జరిగిందో, నా నుంచి ఏం కావాలో రావాలి. ‘సార్, క్యాజువాలిటీ నుంచి హౌస్ సర్జన్‌ని, కుడి బొటనవేలు పూర్తిగా తెగింది, 2 గంటలైంది, చల్లబెట్టాం, మీరు రావాలి.’ ఆ తర్వాత నేను అడిగేవి ఎలాగూ అడుగుతాను: ఏ చేతివాటం, ఏం పని చేస్తాడు, కత్తితో తెగిందా నలిగిందా లాగేసిందా, పొగ, చక్కెర, ఎప్పుడు తిన్నాడు. కాలిన గాయమైతే బరువు, శాతం, ఎప్పుడు, మూసిన గదిలోనా, ఇప్పటిదాకా ఎంత ద్రవం వెళ్లింది.

కొన్ని ఫోన్లలో నేను కావాలనే విసుక్కుంటాను. ‘పొద్దున చూస్తాలే’ అంటాను. అప్పుడు ఎవరు నిలబడతారు? ఒకమ్మాయి తడుముకోకుండా అంది: ‘సార్, పొద్దునకి ఆ ఫ్లాపు ఉండదు. మీరు రాలేకపోతే ఎవరికి చెప్పమంటారో చెప్పండి.’ చర్చలో ఆ ఒక్క వాక్యం చుట్టూ చాలాసేపు మాట్లాడుకున్నాం. సీనియర్లు విసుక్కోవడం తప్పే. కానీ ఆ తప్పును దాటి మాట్లాడటం కూడా నేర్పాల్సిన పనే.

ఫొటో పంపడం కూడా ఇక్కడే చేర్చాం. అనుమతి అడగాలి, ముఖం రాకూడదు, పక్కన స్కేలు ఉండాలి, పంపాక సొంత ఫోన్లోంచి తీసేయాలి. వాసన, బిగువు, నొప్పి ఫొటోలో రావు కాబట్టి ఫొటో పంపాక ఫోన్ చేయడం మానకూడదు.

మొదటి విడత తర్వాత

కొలత విషయంలో నాకు ముందునుంచీ అనుమానాలున్నాయి. కిర్క్‌ప్యాట్రిక్ 1959లో చెప్పిన నాలుగు అంచెల్లో చాలా శిక్షణలు మొదటి అంచె దగ్గరే కూర్చుంటాయి: నచ్చిందా, నచ్చింది. మావాళ్లకీ నచ్చింది. అది చెప్పుకోవాల్సిన ఫలితం కాదు.

ముందు, తర్వాత ఎంసీక్యూ పెట్టాం. మార్కులు పెరిగాయి. అయితే ఎంసీక్యూలో పూర్తి మార్కులు తెచ్చుకున్న కొందరు స్టేషన్‌లో వేలిని సెలైన్‌లో ముంచినవాళ్లే. అందుకని అసలు నమ్మకం ఆస్కీ (స్టేషన్ల వారీగా చేయించి చూసే పరీక్ష) మీదే పెట్టుకున్నాం. 1975లో డండీలో హార్డెన్ మొదలుపెట్టిన ఆ పద్ధతిలో చెక్‌లిస్టు పట్టుకుని చూసేవాళ్లుంటారు, చేయి ఏం చేసిందో అదే లెక్క. ఆత్మవిశ్వాసం ఎంత అని అడిగిన గడిలో ఎక్కువ వేసుకున్నవాళ్లే బాగా చేయాలని లేదని కూడా అక్కడ తెలిసింది. ఫోన్ స్టేషన్‌లో ఇది మరీ స్పష్టం.

చెక్‌లిస్టుల్లో ఒక మార్పు చేశాం. మొదట అన్ని అంశాలకీ ఒకే మార్కు ఉండేది. చేతులు కడుక్కోవడానికీ, పిండికట్టు చీల్చడానికీ ఒకే విలువ ఉంటే, మర్యాదగా పలకరించి కాలు పోగొట్టినవాడు పాస్ అయిపోతాడు. ఇప్పుడు ఒక్కో స్టేషన్‌లో ఒకటి రెండు అంశాలు తప్పనిసరి. అవి వదిలేస్తే మిగతావన్నీ చేసినా మళ్లీ చేయాల్సిందే.

కొన్ని వారాల తర్వాత చెప్పకుండా మళ్లీ పిలిచి రెండు స్టేషన్లు చేయించాం. వేలి సంచి దాదాపు అందరికీ గుర్తుంది. కఫ్ కూడా. ద్రవాల లెక్క మాత్రం చెదిరిపోయింది, గడియారం మళ్లీ ఆసుపత్రి గుమ్మం దగ్గరే మొదలైంది. లెక్కను గుర్తుపెట్టించే ప్రయత్నం మానేసి, జేబులో పట్టే కార్డు ఇవ్వాలని నిర్ణయించాం. కార్డు మొదటి గడి ‘కాలిన సమయం’, అది నింపకుండా కింది గళ్లకు వెళ్లే దారి లేకుండా గీయిస్తున్నాం.

ఇప్పుడు చేతిలో ఉన్న పనులు

కార్డు ముసాయిదా బర్న్స్ వార్డు వాళ్లకు పంపాం, 2 మిల్లీలీటర్లా 4 మిల్లీలీటర్లా అన్నది వాళ్లు తేల్చి చెప్పాలి. పిల్లలకు వేరే కార్డు. అందులో మామూలుగా ఎక్కించే చక్కెర కలిపిన ద్రవం కూడా చేర్చాలని పిల్లల విభాగం గుర్తుచేసింది.

ఫొటోల బొత్తి మళ్లీ కడుతున్నాం, అనుమతి ఇచ్చిన రోగులవి, రకరకాల చర్మపు రంగులవి. ఇది నెమ్మదిగా సాగే పని.

వచ్చే విడతలో నర్సింగ్ విద్యార్థుల్ని కలపాలని థియేటర్ సిస్టర్ పట్టుబట్టింది. ఫ్లాపు దగ్గర రాత్రంతా ఉండేది వాళ్లయితే శిక్షణ ఒక్క డాక్టర్లకే ఏమిటని ఆవిడ ప్రశ్న, దానికి జవాబు లేదు. ఇద్దరిద్దరుగా, ఒక నర్సింగ్ విద్యార్థి, ఒక హౌస్ సర్జన్ కలిసి చూసి, ఇద్దరిలో ఎవరైనా ఫోన్ చేసేలా స్టేషన్ మారుస్తున్నాం. విసుక్కునే కన్సల్టెంట్ పాత్రకి ఈసారి నన్ను వద్దన్నారు, గొంతు గుర్తుపట్టేస్తున్నారట. వేరే యూనిట్ నుంచి ఎవరినైనా అడగాలి.